రేటు సరే, పని ఎన్ని రోజులు?

మిథాలీ రాజ్ 2022 జూన్ 8న అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 24న ఝులన్ గోస్వామి తన చివరి మ్యాచ్ ఆడారు. అక్టోబర్ 27న భారత క్రికెట్ నియంత్రణ మండలి, అంటే బీసీసీఐ, ఇకమీదట మహిళలకు కూడా పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు చెల్లిస్తామని ప్రకటించింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. దాదాపు ఇరవై మూడేళ్లు దేశం తరఫున ఆడి, అప్పటికి ప్రపంచంలో ఏ స్త్రీ చేయనన్ని వన్డే పరుగులు చేసిన మిథాలీ ఆ సమాన ఫీజుతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

స్త్రీల హక్కుల పత్రికలో క్రికెట్ మీద సంపాదకీయం ఏమిటని కొందరు మిత్రులు అడిగారు. కోట్ల రూపాయల వ్యాపారంగా మారిన ఆట గురించి మనకెందుకన్నారు. నాకు మాత్రం మిథాలీ రాజ్ జీవితం ఒక క్రీడాకారిణి విజయగాథగా కంటే స్త్రీల శ్రమ చరిత్రలో ఒక అధ్యాయంగా కనిపిస్తుంది. జీతం లేని శ్రమ, ఆ తర్వాత తక్కువ జీతపు శ్రమ, ఆ తర్వాత బహుమతులు, చివరికి సమానత్వ ప్రకటన. పొలంలో, ఫ్యాక్టరీలో, అంగన్‌వాడీలో మనం చూస్తున్న వరుసే ఇది. ఆట స్థలం మారింది, అంతే.

మిథాలీ 1982 డిసెంబర్ 3న జోధ్‌పూర్‌లో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. తండ్రి దొరై రాజ్ వైమానిక దళంలో పనిచేసేవారు. ఆమె పెరిగింది, చదివింది, ఆట నేర్చుకుంది సికింద్రాబాద్‌లోనే. పదేళ్ల వయసులో బ్యాటు పట్టారు. అప్పటికే భరతనాట్యం నేర్చుకుంటున్నారు. రెండూ కుదరని రోజు వచ్చి, క్రికెట్‌నే ఎంచుకున్నారు. ఆమెను తీర్చిదిద్దిన కోచ్ సంపత్ కుమార్ 1997లో ప్రమాదంలో చనిపోయారు. శిష్యురాలు దేశానికి ఆడటం ఆయన చూడలేదు. మిథాలీ గురించి రాసేవాళ్లంతా తండ్రి క్రమశిక్షణ గురించీ కోచ్ పట్టుదల గురించీ రాస్తారు. తల్లి లీలా రాజ్ గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. కూతురి ఆట కోసం ఆమె తన ఉద్యోగం వదులుకున్నారు. ఒక అమ్మాయి మైదానంలోకి వెళ్లాలంటే ఇంకో స్త్రీ వంటింట్లోకి తిరిగి వెళ్లాల్సి వచ్చింది. దీన్ని త్యాగం అని పొగడటం తేలిక. ఆ శ్రమకు లెక్క కట్టడమే ఎవరికీ ఇష్టం ఉండదు.

మిథాలీ కంటే ముందు నడిచిన వాళ్లను తలచుకోకుండా ఈ కథ చెప్పలేం. స్త్రీల తొలి ప్రపంచ కప్పు 1973లో ఇంగ్లండ్‌లో జరిగింది. పురుషులది 1975లో. ఈ వరుస ఈనాటికీ చాలామందికి తెలియదు. అదే 1973లో మన దేశంలో భారత మహిళా క్రికెట్ సంఘం లక్నోలో రిజిస్టరయింది. 1976లో శాంతా రంగస్వామి నాయకత్వంలో మన స్త్రీలు వెస్టిండీస్‌తో తొలి టెస్టు ఆడారు. ఆ సిరీస్‌లోనే పాట్నాలో తొలి విజయం సాధించారు. పార్లమెంటు సమాన వేతన చట్టం చేసింది కూడా 1976లోనే. కానీ మైదానంలో స్త్రీ చేసే పనిని పని అనుకున్న వాళ్లు లేరు గనక చట్టానికీ ఆటకీ మధ్య సంబంధమే ఏర్పడలేదు. 1978లో మన దేశంలో జరిగిన ప్రపంచ కప్పు విజేత ఎవరో తేలింది హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్ల మధ్య. మన నగర చరిత్ర పుస్తకాల్లో ఆ రోజు ఎక్కడుంది?

ఆ తరం స్త్రీలు రిజర్వేషన్ లేని పెట్టెల్లో ప్రయాణించి, డార్మిటరీల్లో నేల మీద పడుకుని ఆడారు. సంఘం దగ్గర డబ్బు లేదు. 1988 ప్రపంచ కప్పుకు మన జట్టు వెళ్లనే లేదు. 1986 తర్వాత 1991 దాకా ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఆడే వయసు ఐదేళ్లు పోతే ఎవరు తిరిగి ఇస్తారు? సికింద్రాబాద్ నుంచే వచ్చిన పూర్ణిమా రావు 1990లలో భారత జట్టుకు నాయకత్వం వహించారు. ఆ స్థాయికి ఎదిగిన ఆమెకు మొత్తం దొరికిన టెస్టులు ఐదు. తర్వాత ఆమె భారత జట్టుకు కోచ్ అయ్యారు. 2017 ప్రపంచ కప్పు ఇక రెండు మూడు నెలల్లో ఉందనగా ఆ బాధ్యత నుంచి తప్పించారు.

మిథాలీ 1999 జూన్ 26న ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద తొలి వన్డే ఆడారు. పదహారేళ్ల అమ్మాయి 114 పరుగులు చేసి అజేయంగా నిలిచారు. అవతలి వైపు రేష్మా గాంధీ కూడా సెంచరీ చేశారు. 2002 జనవరిలో లక్నోలో తొలి టెస్టులో సున్నాకు ఔటయ్యారు. అదే ఏడాది ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214 పరుగులు చేసి, అప్పటికి మహిళల టెస్టుల్లో అత్యధిక స్కోరును తన పేర రాసుకున్నారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. 2005లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్పులో ఆమె నాయకత్వంలో మన జట్టు తొలిసారి ఫైనల్ చేరింది.

ఫైనల్ చేరిన ఆ జట్టుకు ఇచ్చింది ఎంత? మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు అని మిథాలీయే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. వార్షిక ఒప్పందం లేదు. మరి వీళ్లు బతికింది ఎలా? రైల్వే ఉద్యోగాలతో. మిథాలీ కూడా రైల్వే ఉద్యోగే. పశ్చిమ రైల్వేలో అధికారిగా పనిచేసిన డయానా ఎదుల్జీ లాంటి వాళ్లు పట్టుబట్టి మహిళా క్రికెటర్లకు రైల్వేలో ఉద్యోగాలు ఇప్పించారు. దేశవాళీ పోటీల్లో రైల్వే జట్టు ఏళ్ల తరబడి గెలుస్తూ ఉండటంలో రహస్యమేమీ లేదు. నెల జీతం ఉన్న జట్టు అదొక్కటే అన్నంత పరిస్థితి. భారత మహిళా క్రికెట్‌ను నిలబెట్టింది ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఇచ్చిన ఉద్యోగ భద్రత. ప్రభుత్వ రంగం అనవసర భారం అని వాదించే వాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

2006లో మహిళా క్రికెట్ సంఘం బీసీసీఐలో కలిసింది. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన క్రికెట్ బోర్డు నీడలోకి వచ్చాం గనక ఇక కష్టాలు తీరినట్టే అనుకున్నారు. ప్రయాణాలు, వసతి, మైదానాలు మెరుగుపడిన మాట నిజం. కానీ ఆట? 2006లో ఇంగ్లండ్‌లో మిథాలీ జట్టు టెస్టు సిరీస్ గెలిచింది. ఆ తర్వాతి టెస్టు ఎప్పుడు దొరికిందో తెలుసా? 2014 ఆగస్టులో. ఎనిమిదేళ్లు. 2014 నవంబర్‌లో ఇంకొకటి ఆడారు. మళ్లీ 2021 జూన్ దాకా లేదు. 2013లో మన దేశంలోనే జరిగిన మహిళల ప్రపంచ కప్పులో వాంఖడే స్టేడియంలో ఆడాల్సిన మ్యాచ్‌లను, పురుషుల రంజీ ఫైనల్ కోసమని వేరే మైదానానికి మార్చారు. మన ఇంట్లో ప్రపంచ కప్పు జరుగుతున్నా ఆడపిల్లలే జరిగి చోటివ్వాల్సి వచ్చింది. బీసీసీఐ మహిళలకు వార్షిక ఒప్పందాలు ఇవ్వడానికి 2015 దాకా పట్టింది. అప్పుడు కూడా పై గ్రేడుకు 15 లక్షలు. పురుషుల పై గ్రేడుకు కోటి.

2017 జూలై 23న లార్డ్స్ మైదానం కిక్కిరిసిపోయింది. 1986లో డయానా ఎదుల్జీని స్త్రీ అన్న కారణంగా లోపలికి రానివ్వనిది ఆ లార్డ్స్ పెవిలియనే. 1787లో పుట్టిన ఆ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా ఒప్పుకుంది 1998లో. ఆ చోట మిథాలీ జట్టు ప్రపంచ కప్పు ఫైనల్ ఆడి 9 పరుగుల తేడాతో ఓడింది. టోర్నీకి ముందు ఒక విలేఖరి ఆమెను మీకిష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగారు. మీకిష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని మగవాళ్లను ఎప్పుడైనా అడిగారా అని ఆమె ఎదురు ప్రశ్నించారు. ఆ ఒక్క ప్రశ్న మన సదస్సుల్లో మనం గంటలకొద్దీ చెప్పేదానితో సమానం.

ఓడిపోయి వచ్చినా ఆ జట్టుకు బ్రహ్మరథం పట్టారు. బీసీసీఐ ఒక్కొక్కరికి 50 లక్షలు ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం మిథాలీకి కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. సంతోషమే. వాళ్లు అర్హులే. కానీ బహుమతికీ హక్కుకీ తేడా మనకు తెలుసు. బహుమతి ఇచ్చేవాడి ఇష్టం. గెలిచిన వాళ్లకు, అదీ పేపర్లో ఫోటో పడ్డవాళ్లకు దొరుకుతుంది. హక్కు ఓడిన వాళ్లకు కూడా ఉంటుంది. జిల్లా జట్టులో పదేళ్లు ఆడి, మోకాలు దెబ్బతిని, ఊరికి తిరిగి వెళ్లిన అమ్మాయికి కూడా ఉంటుంది.

2018 నవంబర్‌లో వెస్టిండీస్‌లో టీ20 ప్రపంచ కప్పు సెమీఫైనల్‌కు మిథాలీని జట్టు నుంచి పక్కన పెట్టారు. జట్టు ఓడింది. తనను అవమానించారని, తన గురించి అధికారంలో ఉన్నవాళ్లు పక్షపాతం చూపారని ఆమె బోర్డుకు లేఖ రాశారు. ఆ లేఖ పత్రికలకెక్కింది. అవతలి పక్షం వాళ్లకూ తమ వాదన ఉంది. ఎవరిది ఒప్పు అనే తీర్పు నేను చెప్పబోవడం లేదు. నన్ను ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి. పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న, దేశంలోకెల్లా పేరున్న క్రీడాకారిణికి కూడా తన ఫిర్యాదు చెప్పుకోవడానికి యాజమాన్యానికి ఒక లేఖ రాయడం తప్ప దారి లేకపోయింది. ఆమె తరఫున నిలబడి మాట్లాడే సంఘం లేదు. 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది గానీ అందులో ఆట మానేసిన వాళ్లకే చోటు. ఆడుతున్న వాళ్లకు యూనియన్ లేదు. ఆస్ట్రేలియాలో 2017లో క్రికెటర్ల సంఘం బోర్డుతో నెలల తరబడి పోరాడి ఒప్పందం చేసుకున్నప్పుడు, ఆదాయంలో వాటా పొందే ఏర్పాటులోకి స్త్రీలు కూడా తొలిసారి వచ్చారు. అక్కడ అది బేరమాడి సాధించుకున్నది. ఇక్కడ సమానత్వం ఒక ట్వీటుగా ప్రకటితమైంది. ఇచ్చిన చేయి రేపు వెనక్కి తీసుకుంటే అడగడానికి ఎవరున్నారు?

ఇక ఆ సమాన ఫీజు సంగతి. కూలి రేట్ల గురించి మాట్లాడటానికి నేను ఏ ఊరికి వెళ్లినా ఆడవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది: "రేటు సరేనమ్మా, పని ఎన్ని రోజులు?" మగవాళ్లతో సమానంగా రోజు కూలి రాసిచ్చి, పనికి మాత్రం మగవాళ్లనే పిలిస్తే ఆ సమానత్వం కాగితం మీద ఉంటుంది, కంచంలోకి రాదు. అందుకే 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు కుటుంబానికి ఏడాదికి వంద రోజులు అన్న మాట చట్టంలోనే ఉండేలా పట్టుబట్టారు.

ఇదే లెక్క క్రికెట్‌కు వేసి చూడండి. 2022 అక్టోబర్ ప్రకటన తర్వాత 2025 చివరి దాకా భారత మహిళలు ఆడిన టెస్టులు మూడు. 2023 డిసెంబర్‌లో రెండు, 2024 జూన్‌లో ఒకటి. అదే కాలంలో పురుషులు ఆడినవి ముప్పైకి పైగా. రేటు ఇద్దరికీ 15 లక్షలే. మిథాలీ తన మొత్తం జీవితంలో ఆడినవి 12 టెస్టులు. ఇంచుమించు అంతే కాలం ఆడిన సచిన్ టెండూల్కర్ ఆడినవి 200. ఆమెను ఆడ సచిన్ అని మురిసిపోయే వాళ్లు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి. టెస్టుల్లో ఆమె చేసిన పరుగులు 699. ఇంకో నూరు టెస్టులు ఇచ్చి ఉంటే ఎన్ని చేసేవారో ఎవరూ చెప్పలేరు. ఆమె నుంచి తీసుకున్నది డబ్బు మాత్రమే కాదు, పని. పైగా సమానం చేసింది మ్యాచ్ ఫీజునే, వార్షిక ఒప్పందాన్ని కాదు. ఆ ప్రకటన వచ్చిన నాటికి మహిళల పై గ్రేడుకు 50 లక్షలు, పురుషుల పై గ్రేడుకు 7 కోట్లు.

మ్యాచ్‌లు ఎవరూ చూడరు గనకే పెట్టడం లేదన్న వాదన కూడా కూలిపోయింది. 2023 మార్చిలో మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్ ఐదేళ్ల ప్రసార హక్కులు 951 కోట్లకు అమ్ముడుపోయాయి. ఐదు జట్ల అమ్మకంలో 4,669 కోట్లకు పైగా వచ్చింది. ఆ లీగ్ వచ్చేనాటికి మిథాలీ ఒక జట్టుకు సలహాదారు మాత్రమే. మొక్క నాటి నీళ్లు పోసిన చేతికి కాయ దక్కలేదు.

డబ్బు ఒక్కటే హక్కు కాదు. 2022 మార్చిలో మిథాలీ తన ఆరో ప్రపంచ కప్పు ఆడటానికి న్యూజిలాండ్ వెళ్లారు. అక్కడ పాకిస్తాన్ కెప్టెన్ బిస్మా మరూఫ్ తన చంటిబిడ్డను వెంట తెచ్చుకున్నారు. మ్యాచ్ అయ్యాక మన అమ్మాయిలు ఆ పాపను ముద్దు చేస్తున్న ఫోటోలు లోకమంతా చూసింది. పాప అక్కడిదాకా రావడానికి కారణం 2021లో పాకిస్తాన్ బోర్డు చేసిన నియమం. తల్లి కాబోయే క్రీడాకారిణికి వేతనంతో ఏడాది దాకా సెలవు, ఒప్పందం పొడిగింపు, బిడ్డను చూసుకునే మనిషికి ప్రయాణ సాయం అందులో ఉన్నాయి. పెళ్లయితే ఆట మానేయాలన్న మాట మన ఇళ్లల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. తనకు వచ్చిన సంబంధాల వాళ్లు కూడా అలాగే అన్నారని మిథాలీ చెప్పారు. ఆ మాటకు జవాబు ఉపన్యాసాలతో రాదు. ఇలాంటి నియమాలతో వస్తుంది.

భద్రత కూడా అంతే. పని స్థలంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం, పని స్థలం అన్న మాటకు అర్థంలోనే క్రీడా సంస్థలను, స్టేడియాలను, పోటీలు జరిగే చోట్లను చేర్చింది. అయినా 2023లో మహిళా మల్లయోధులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. మన జిల్లా క్రీడా సంఘాల్లో, శిక్షణ అకాడమీల్లో, ఆటల హాస్టళ్లలో అంతర్గత కమిటీ ఉందా అని అడిగే పని మనది. ఫ్యాక్టరీకి, కాలేజీకి వెళ్లి అడుగుతున్నాం. మైదానానికి కూడా వెళ్లాలి.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీశారు. హైదరాబాద్‌కు చెందిన అరుంధతి రెడ్డి కూడా ఆ జట్టులో ఉన్నారు. గెలిచిన అమ్మాయిలు కప్పును మైదానంలోనే మిథాలీ, ఝులన్, అంజుమ్ చోప్రాల చేతుల్లో పెట్టారు. తమ కప్పు ఎవరి శ్రమ మీద నిలబడిందో ఆ అమ్మాయిలకు తెలుసు. బోర్డు ఆ జట్టుకు 51 కోట్లు ప్రకటించింది. శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. డిసెంబర్‌లో దేశవాళీ సీనియర్ మహిళల మ్యాచ్ ఫీజును కూడా రోజుకు 20 వేల నుంచి 50 వేలకు పెంచారు. మంచిదే. అయితే నవంబర్ 2న మన జట్టు ఓడిపోయి ఉంటే ఆ పెంపు వచ్చేదా? కూలి పెంచమని అడగడానికి ముందు ప్రపంచాన్ని గెలిచి రమ్మని ఏ కార్మికుడినీ ఎవరూ అనరు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. స్త్రీలకు ఏడాదికి ఎన్ని టెస్టులు, ఎన్ని వన్డేలు అన్నది ముందుగా ప్రకటించాలి. రాష్ట్ర, జిల్లా స్థాయిలో కూడా ఆట రోజులు పెరగాలి. ప్రసూతి సెలవు, గాయపడితే వైద్యం, ఆట మానేశాక బతుకుతెరువు లిఖితపూర్వకమైన నియమాలు కావాలి. ఆడుతున్న స్త్రీలకు సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి. రైల్వే తరహా ఉద్యోగాలు రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఇవ్వాలి, పతకం తెచ్చిన ఒక్కరికే కాదు. ఈ పత్రిక చదివే సంస్థలు తమ జిల్లా క్రీడాధికారిని కలిసి, గత ఏడాది ఆడపిల్లలకు ఎన్ని రోజుల ఆట పెట్టారు, మగపిల్లలకు ఎన్ని రోజులు పెట్టారు అన్న లెక్క అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబులు మాకు పంపండి, వచ్చే సంచికలో జిల్లాల వారీగా ప్రచురిస్తాం.